పాప కొత్త పళ్ల మీద తెల్ల చారలు: పేస్టు వల్లనా, నీళ్ల వల్లనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. పాపకు ఎనిమిదో ఏడు. కనిగిరి దగ్గర అమ్మమ్మగారి ఊళ్లో మూడేళ్లు నిండే దాకా పెరిగింది, అక్కడ బోరు నీళ్లే తాగింది. ఇప్పుడు మీరు హైదరాబాద్‌లో ఉంటున్నారు. పాలపళ్లు ముత్యాల్లా ఉండేవి. అవి ఊడి వచ్చిన కొత్త ముందు పళ్ల మీద మాత్రం అడ్డంగా తెల్ల చారలు, ఒకచోట సుద్ద రాసినట్టు మచ్చ. పేస్టు మింగడం వల్ల అని ఒకరు, కాల్షియం తక్కువై అని ఇంకొకరు, క్లీనింగ్ చేయిస్తే పోతుందని మరొకరు చెప్పారు. ఇంట్లో పధ్నాలుగు నెలల బాబు కూడా ఉన్నాడు, వేసవిలో రెండు మూడు నెలలు అమ్మమ్మ దగ్గరే ఉంటాడు.

ముందు జవాబు చెప్పేస్తాను. ఇది చాలా మటుకు నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల పడిన మచ్చే. అయితే పడింది ఇప్పుడు కాదు, పాప ఏడాది, రెండేళ్ల వయసులో ఉన్నప్పుడు. అప్పటికి ఆ పళ్లు చిగురు లోపల, దవడ ఎముకలో తయారవుతూ ఉన్నాయి. తోమితే పోదు, క్లీనింగ్‌తో పోదు, కాల్షియం మాత్రలతో పోదు. పాప విషయంలో తొందరేమీ లేదు. తొందరపడాల్సింది బాబు విషయంలో, దాని గురించి మీరు ఒక్క వాక్యం రాసి వదిలేశారు.

నేను పిల్లల దంతవైద్యురాలిని. ఇరవై రెండేళ్ల అనుభవంలో మొదటి ఆరేళ్లు నల్గొండ జిల్లాలో, ఆ తర్వాత ఒంగోలులో గడిచాయి. అంటే ఈ మచ్చలు చూడని వారం నాకు లేదనే చెప్పాలి.

క్లీనింగ్ మాట ఎందుకు వచ్చిందో ఊహించగలను. మన భాషలో ‘గార’ అనే ఒక్క మాటే రెండు వేర్వేరు వాటికి వాడతాం. పళ్ల మొదళ్లలో ఉమ్మి, పాచి కలిసి గట్టిపడేదీ గారే. ఫ్లోరైడ్ ఊళ్లలో పిల్లల పళ్ల మీద కనిపించే గోధుమ రంగూ గారే, అందుకే వాళ్లను ‘గారపళ్ల వాళ్లు’ అంటారు. మొదటిది పంటి మీద అతుక్కున్నది, గీకితే ఊడుతుంది. రెండోది పంటిలోనే ఉన్నది. ఒంగోలుకు వచ్చిన కొత్తలో ఒక తండ్రి తన పదకొండేళ్ల కూతుర్ని తీసుకొచ్చాడు. అంతకుముందే ఎక్కడో మూడుసార్లు క్లీనింగ్ చేయించారట. అది చాలక ఇంట్లో నిమ్మ ఉప్పు, ఇటుక పొడి కలిపి తోమించారు. మచ్చ అలాగే ఉంది, పంటి పై పొర మాత్రం అరిగి చల్లనీళ్లు తగిలితే ఆ పిల్ల ‘స్స్’ అంటోంది. దయచేసి ఆ పని మీరు చేయకండి.

ఇక లోపల జరిగేదేమిటో చూద్దాం. పంటి పైన ఉండే ఎనామిల్ పొరను కట్టే కణాలు ముందుగా మెత్తటి ప్రోటీన్‌తో ఒక అచ్చు పోస్తాయి. ఇంటి స్లాబుకు సెంట్రింగ్ కట్టినట్టు అనుకోండి. ఆ అచ్చులో కాల్షియం, ఫాస్ఫేట్ సన్నటి పుల్లల్లాంటి స్ఫటికాలుగా పేరుకుంటాయి. తర్వాత ఆ ప్రోటీన్‌ను కొద్దికొద్దిగా కరిగించి బయటికి పంపేస్తే, ఖాళీ అయిన చోటులోకి స్ఫటికాలు లావెక్కి ఒకదానికొకటి బిగుసుకుంటాయి. ఎనామిల్‌కు మెరుపు, గట్టిదనం వచ్చేది ఈ చివరి దశలోనే. ఆ సమయంలో ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువగా తిరుగుతుంటే ప్రోటీన్ బయటికి పోవడం ఆలస్యమవుతుంది. సెంట్రింగ్ చెక్కలు స్లాబులోనే ఉండిపోయినట్టే. అది ఉన్న మేరకు ఖనిజం నిండదు, ఉపరితలం కింద సన్నటి రంధ్రాలు మిగులుతాయి. వెలుతురు అక్కడ చెదిరిపోయి మన కంటికి సుద్ద తెలుపుగా కనిపిస్తుంది.

ఫ్లోరైడ్ ఇంకా ఎక్కువైతే పొర మరీ గుల్లబారుతుంది. పన్ను బయటికి వచ్చాక, నమిలే ఒత్తిడికి పై పెంకు చిట్లి గుంటలు పడతాయి. గోధుమ రంగు తర్వాత చేరుతుంది. టీ, ఆహారంలోని రంగులు ఆ రంధ్రాల్లోకి ఇంకిపోతాయి. చాలామంది అనుకున్నట్టు ఫ్లోరైడ్‌కు గోధుమ రంగేమీ లేదు. ఏ పిల్లకూ పన్ను గోధుమ రంగుతో మొలవదు, తెల్లగా, సుద్దగానే మొలుస్తుంది.

మరి పాలపళ్లు ఎందుకు బాగున్నాయి? వాటి ఎనామిల్‌లో చాలా భాగం బిడ్డ కడుపులో ఉండగానే తయారవుతుంది, ఫ్లోరైడ్ ప్రభావం అక్కడ తక్కువ. నీళ్లలో ఫ్లోరైడ్ మరీ ఎక్కువున్న ఊళ్లలో పాల దవడ పళ్ల మీదా మచ్చలు చూశాను గానీ, సాధారణంగా బండారం బయటపడేది ఆరో ఏట తర్వాతే. తల్లిదండ్రులు మోసపోయేదీ అక్కడే. ఊరు మారాక నీళ్లు బాగానే ఉన్నాయి కదా, మచ్చ ఇప్పుడెందుకు వచ్చిందని అడుగుతారు. ఆ పన్ను ఐదారేళ్ల కిందట తాగిన నీళ్ల లెక్క చెబుతోంది.

వయసుల లెక్క కాస్త వివరంగా ఇస్తాను, ఎందుకంటే మీ ఇద్దరు పిల్లల సంగతీ దీని మీదే ఆధారపడి ఉంది. శాశ్వత పళ్లలో మొదటి దవడ పన్ను ఎనామిల్ పుట్టిన నాటికి మొదలై సుమారు మూడేళ్లకు పూర్తవుతుంది. పై ముందు పళ్లు మూడు నాలుగు నెలల వయసులో మొదలై నాలుగైదేళ్లకు ముగుస్తాయి. వీటికి అన్నిటికంటే గండం పదిహేను నుంచి ముప్ఫై నెలల మధ్య కాలం. రెండో దవడ పళ్లు ఏడెనిమిదేళ్లకు పూర్తవుతాయి. ఎనిమిదేళ్లు దాటితే జ్ఞానదంతాలు తప్ప మిగతా అన్నిటి ఎనామిల్ సిద్ధమైపోయినట్టే, ఆ తర్వాత ఎంత ఫ్లోరైడ్ తాగినా కొత్తగా ఈ మచ్చలు పడవు. పెద్దయ్యాక ఫ్లోరైడ్ ఊరికి కోడలుగా వెళ్లినవాళ్ల పళ్లకు ఏమీ కాకపోవడం ఇందువల్లే. ఎముకల సంగతి వేరు, వాటికి ఫ్లోరైడ్ పెద్దయ్యాక కూడా చేటు చేయగలదు.

అందుకని మీ పాపకు ముందే జోస్యం చెప్పగలను. ముందు పళ్లు, మొదటి దవడ పళ్లు అమ్మమ్మగారి ఊరి నీళ్లు చూశాయి. పది, పన్నెండేళ్లకు వచ్చే దవడ పళ్లు ఎక్కువగా హైదరాబాద్ నీళ్లతో తయారయ్యాయి. అవి ఇంతకంటే శుభ్రంగా వస్తాయి, మీ ఇంటి హైదరాబాద్ నీళ్లు మంచివైతే.

ఫ్లోరైడ్ మచ్చేనా అని ఇంట్లోనే ఒక మాదిరిగా తేల్చుకోవచ్చు. పాపను కిటికీ దగ్గర వెలుతురులో కూర్చోబెట్టండి. పెదవి పైకెత్తి, మెత్తటి గుడ్డతో ముందు రెండు పళ్లూ పొడిగా తుడిచి, అర నిమిషం నోరు తెరిచే ఉంచమనండి. తడి ఆరేకొద్దీ చారలు తేటపడతాయి. చాక్‌పీసుతో గీసినంత సూటిగా ఉండవు, పలచటి మేఘంలా అంచులు కలిసిపోయి అడ్డంగా సాగుతాయి. ఎడమ పంటికి ఎంత ఎత్తులో ఉన్నాయో కుడి పంటికీ దాదాపు అంతే ఎత్తులో ఉంటాయి. కారణం ఆ రెండు పళ్లూ ఒకే రోజుల్లో తయారవడం.

ఒక్క పంటికే మచ్చ ఉంటే అది ఫ్లోరైడ్ పని కాకపోవచ్చు. పాలపన్ను చీము పట్టినా, చిన్నప్పుడు మెట్ల మీద పడి దానికి దెబ్బ తగిలినా, కింద తయారయ్యే పన్ను మీద గుర్తు పడుతుంది. అంచు గీత గీసినట్టు స్పష్టంగా, పసుపు లేక గోధుమ రంగులో, మొదటి దవడ పళ్లు పెళుసుగా ఉంటే అది ఇంకో జబ్బు, దానికి త్వరగా చికిత్స కావాలి. చిగురు వెంబడి మాత్రమే తెల్లటి గీత ఉంటే అది పుచ్చు మొదలవడం. ఇవన్నీ చూసే దంతవైద్యులు మీకు దగ్గర్లో ఉంటే ఒకసారి చూపించండి. మీరు పంపిన ఫొటోలు తడి పళ్ల మీద తీసినవి, వాటిని చూసి నేను పూర్తిగా తేల్చలేను.

ఇప్పుడు పేస్టు సంగతి. పాపం పేస్టు మీద నింద ఎక్కువ పడుతోంది. మన దేశంలో పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం మించకూడదు. అంటే ఒక గ్రాము పేస్టులో ఒక మిల్లీగ్రాము. బియ్యపు గింజంత పేస్టులో 0.1 మిల్లీగ్రాము, బఠానీ గింజంతలో 0.25 ఉంటుంది. అదంతా మింగినా అంతే. అదే లీటరుకు మూడు మిల్లీగ్రాములున్న బోరు నీళ్లు పిల్లవాడి ఒంట్లోకి రోజుకొక లీటరు వెళ్లాయనుకుందాం, పాలలో కలిపినవి, జావలో పోసినవి అన్నీ కలిపి. మూడు మిల్లీగ్రాములు! ఒకటి నుంచి మూడేళ్ల పిల్లలకు రోజుకు గరిష్ఠంగా 1.3 మిల్లీగ్రాములని అమెరికా పోషకాహార నిపుణులు హద్దు పెట్టారు. లెక్క మీరే చూసుకోండి.

అలాగని పేస్టు పూర్తిగా నిర్దోషి కాదు. ప్రకటనల్లో చూపినట్టు బ్రష్ నిండా పరిచి, పండ్ల రుచి ఉందని రెండేళ్ల పిల్లవాడు చప్పరిస్తే ఒక పూటకే దాదాపు ఒక మిల్లీగ్రాము లోపలికి పోతుంది. నీళ్లు మంచివైన నగరాల్లో నేను చూసే పలచటి తెల్లచారలకు చాలాసార్లు కారణం ఇదే. మూడేళ్ల లోపు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ల దాకా బఠానీ గింజంత, వేసేది పెద్దవాళ్ల చెయ్యి. మీ పాపకు ఎనిమిదో ఏడు, ఉమ్మడం తెలుసు, ఫ్లోరైడ్ పేస్టు మాన్పించాల్సిన పనే లేదు. మాన్పిస్తే పాత మచ్చ పోదు సరికదా, కొత్తగా పుచ్చు పళ్లు తెచ్చుకున్నట్టవుతుంది.

ఈ కథలో ఒక వింత ఉంది. 1901లో ఫ్రెడరిక్ మెకే అనే కుర్ర దంతవైద్యుడు అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో ప్రాక్టీసు పెడితే, అక్కడ పుట్టి పెరిగినవాళ్ల పళ్ల మీద గోధుమ మచ్చలు కనిపించాయి. ముప్ఫై ఏళ్లు వెంటపడ్డాడు. చివరికి 1931లో చర్చిల్ అనే రసాయన శాస్త్రవేత్త నీళ్లను పరీక్షించి ఫ్లోరైడ్ అని తేల్చాడు. మచ్చలున్న పళ్లు అంత తేలిగ్గా పుచ్చడం లేదని మెకే ముందే గమనించాడు. పేస్టులోకి ఫ్లోరైడ్ వచ్చింది ఆ దారినే. ఆ తర్వాత ఆరేళ్లకే, 1937లో, మన దేశంలో మొదటిసారి ఈ జబ్బును వైద్యులు నమోదు చేసింది ఎక్కడో తెలుసా? అప్పటి మద్రాసు రాష్ట్రం, నెల్లూరు జిల్లాలో. కనిగిరి, పొదిలి, దర్శి అప్పట్లో ఆ జిల్లావే. అంటే మీ పుట్టింటి వైపు నేలే. అక్కడి గ్రానైటు లాంటి రాళ్లలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలు నీళ్లలో కరుగుతాయి. కాల్షియం తక్కువగా, సోడియం, క్షారం ఎక్కువగా ఉన్న నీళ్లలో మరీ ఎక్కువ కరుగుతాయి. నీళ్లు తాగడానికి కమ్మగా ఉన్నాయి, ఉప్పదనం లేదు అన్నంత మాత్రాన నమ్మడానికి లేదు. ఫ్లోరైడ్‌కు రుచి లేదు, వాసన లేదు.

బాబు సంగతికి వస్తాను. పధ్నాలుగు నెలలు. పైన రాసిన పదిహేను నుంచి ముప్ఫై నెలల గండం వచ్చే నెలే మొదలవుతుంది. ఈ వేసవికి పంపేముందు ఆ బోరు నీళ్లు పరీక్ష చేయించండి. జిల్లాల్లో గ్రామీణ నీటి సరఫరా విభాగానికి ల్యాబులు ఉన్నాయి, అక్కడ ఇవ్వండి. గాజు సీసా వద్దు, శుభ్రమైన ప్లాస్టిక్ సీసా తీసుకెళ్లండి. బోరు ఐదు నిమిషాలు వదిలేసి, ఆ నీళ్లతోనే సీసాను రెండుసార్లు కడిగి పట్టండి. పక్కింటి బోరు రిపోర్టు మీకు పనికిరాదు, ఒకే వీధిలో ఒక బోరులో ఒకటి, ఇంకోదానిలో నాలుగు రావడం నేనే చూశాను. రిపోర్టులో పీపీఎం అని ఉన్నా, లీటరుకు మిల్లీగ్రాములు అని ఉన్నా ఒకటే. మన ప్రమాణాల ప్రకారం 1.0 లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా. మూడేళ్ల లోపు పిల్లలున్న ఇంటికి నేను ఒకటి దాటితే ఒప్పుకోను.

హైదరాబాద్ ఇంటి నీళ్లు కూడా చూపించండి. నది నీళ్లయితే భయం లేదు. కానీ చాలా అపార్టుమెంట్లలో నది నీళ్లు, బోరు, ట్యాంకరు అన్నీ ఒకే సంపులో కలుస్తాయి. వేసవిలో పాళ్లు మారతాయి.

నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ ఉంటే ఏం చేయాలి? మొట్టమొదట, కాచి చల్లార్చడం ఇక్కడ పనిచేయదు. ఇది సూక్ష్మజీవి కాదు చావడానికి. నీరు ఆవిరైపోయి ఫ్లోరైడ్ మిగులుతుంది: లీటరుకు మూడు మిల్లీగ్రాములున్న నీళ్లను లీటరు పోసి ముప్పావు లీటరయ్యే దాకా మరిగిస్తే, లీటరుకు నాలుగవుతుంది. కొవ్వొత్తి ఫిల్టర్లు, కిరణాలతో శుద్ధి చేసే యంత్రాలు కూడా ఫ్లోరైడ్‌ను తీయవు. ఆర్‌ఓ తీస్తుంది, పొర పాతబడకుండా చూసుకుంటే. ఆక్టివేటెడ్ అల్యూమినా ఫిల్టర్లు తీస్తాయి, వాటిని సమయానికి శుభ్రం చేయించాలి. పటిక, సున్నం కలిపి తేర్చే ‘నల్గొండ పద్ధతి’ని 1970లలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు రూపొందించారు. మన ఊరి పేరు ప్రపంచమంతా తిరిగింది ఆ పద్ధతితోనే. కానీ దానిలో పటిక మోతాదు నీళ్ల ఫ్లోరైడ్‌ను, క్షారాన్ని బట్టి మారుతుంది. ఇంట్లో కంటి కొలతతో కలిపితే ఇటు ఫ్లోరైడూ పోదు, అటు నీళ్లలో అల్యూమినియం మిగులుతుంది. వాన నీళ్లు శుభ్రంగా పట్టుకోగలిగితే వాటిలో ఫ్లోరైడ్ దాదాపు ఉండదు.

అందరూ తప్పే చోటు ఒకటుంది. పొదిలి వైపు ఒక ఇంటికి వెళ్లాను. వాకిట్లోనే ఇరవై లీటర్ల క్యాను, దాని మీద బోర్లించిన స్టీలు గ్లాసు. ‘మేం ఈ నీళ్లే తాగుతామండీ, డబ్బు పెట్టి కొంటున్నాం’ అన్నది ఆ ఇల్లాలు. నిజమే. మాట్లాడుతూనే లోపలికి వెళ్లి, పిల్లవాడికి రాగి జావ కాయడానికి గిన్నె తీసుకుని, పెరట్లో కుళాయి కింద పెట్టింది. అది బోరు నీళ్ల కుళాయి. అన్నం, పప్పు, చారు, పాలపొడి, జావ అన్నీ ఆ నీళ్లతోనే. ఏడాది పిల్లవాడు గ్లాసుతో తాగే నీళ్లెన్ని, జావలోనూ అన్నంలోనూ తినే నీళ్లెన్ని? వంట నీళ్లు కూడా మారాలి. కనీసం పిల్లవాడి వంట వరకైనా.

బాబు ఇంకా తల్లిపాలు తాగుతుంటే సంతోషం. తల్లి ఫ్లోరైడ్ నీళ్లు తాగినా పాలలోకి వచ్చేది లేశమంతే. పాలపొడి అయితే కలిపే నీళ్లలో ఎంత ఉంటే అంతా బిడ్డకే. టీ అలవాటు మాత్రం చేయకండి. తేయాకులో సహజంగానే ఫ్లోరైడ్ ఎక్కువ, అమ్మమ్మలు ముద్దుగా సాసర్లో పోసి ఇస్తుంటారు. ఇక చింతపండు. ఇది చిట్కా కాదు, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు బడి పిల్లలకు చింతపండు ఇచ్చి చూసి, మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా పోతోందని 2002లో ప్రచురించారు. చారు ధారాళంగా పోయండి, కానీ ఫ్లోరైడ్ నీళ్లతో కాచిన చారు పోసి లాభమేముంది?

పాపకు చికిత్స గురించి తక్కువే రాస్తాను, అవసరం తక్కువ గనక. మీరు చెప్పినదాన్ని బట్టి ఆ మచ్చలు డీన్ అనే ఆయన చేసిన వర్గీకరణలో స్వల్ప స్థాయివి. పన్ను బలానికి లోటు లేదు. పాప తనంతట తాను బాధపడకపోతే ఏమీ చేయకండి. బాధపడుతుంటే పలచటి ఆమ్లం, రాపిడి పొడి కలిపి పై పొరను వెంట్రుకవాసి తీసే పద్ధతి ఉంది, రంధ్రాల్లోకి పలచటి రెసిన్ ఎక్కించే పద్ధతి ఉంది. రెండూ పన్ను పూర్తిగా కిందికి దిగాక, తొమ్మిది పదేళ్లకు ఆలోచించవచ్చు. పింగాణీ పెంకులు, తొడుగులు పద్దెనిమిదేళ్ల లోపు ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. పాప వయసులో పంటి లోపలి నరం గది పెద్దది, చిగురు ఇంకా కదులుతూ ఉంటుంది. మోకాళ్లకు, నడుముకు ఎక్స్‌రేలు తీయించాలా అని చివర్లో అడిగారు. అక్కర్లేదు. మూడేళ్లకే ఆ నీళ్లు మానేసిన, హాయిగా పరుగెత్తే పిల్లకు పంటి మచ్చ పంటి మచ్చే.

కొన్నేళ్ల కిందట మళ్లీ నల్గొండ జిల్లాకే, మర్రిగూడ వైపు ఒక బడి శిబిరానికి వెళ్లాను. తొమ్మిదో తరగతి కుర్రవాడు నవ్వాల్సి వచ్చినప్పుడల్లా చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నాడు. పై పళ్లు నాలుగూ గోధుమ రంగు, రెండింటికి గుంటలు. వాడి తమ్ముడు రెండో తరగతి, వరసలో వెనకే ఉన్నాడు. అదే ఇల్లు, అదే పొయ్యి. చిన్నవాడు నోరు తెరిస్తే తుడిచి చూసినా ఒక్క చార లేదు. మధ్యలో మారింది ఒక్కటే, చిన్నవాడు పుట్టేనాటికి వాళ్ల ఇంటికి కృష్ణా నీళ్ల కుళాయి వచ్చింది.

అమ్మమ్మగారి ఊరి రిపోర్టు వచ్చాక ఆ అంకె ఇక్కడే రాయండి. ఒకటిన్నర దగ్గర ఉంటే బాబు వంటకూ తాగడానికీ క్యాను నీళ్లు సరిపోతాయి. మూడు, నాలుగు ఉంటే ఈ వేసవికి వాణ్ని పంపడం మాని, అమ్మమ్మనే హైదరాబాద్‌కు రమ్మనండి.